ఎర్ర రిబ్బన్లు, నీలి రిబ్బన్లు

ప్రపంచకప్పు ఆఖరి మ్యాచిని స్టేడియంలో కూర్చుని కళ్లారా చూసినదాన్ని నేను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఎవరు గెలిచారో మాత్రం నలభై ఏడేళ్లదాకా నాకు తెలియదు.

తెలియదని కూడా నాకు తట్టలేదు, మా మనవరాలు అడిగేదాకా. 2025 నవంబరు 2 రాత్రి మన అమ్మాయిలు నవీ ముంబైలో దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్పు అందుకున్నారు కదా, ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. పన్నెండేళ్ల మనవరాలు పాత క్యాలెండరు కాగితం వెనక స్కోరు రాసుకుంటూ కూర్చుంది. షెఫాలీ వర్మ 87 పరుగులు, దీప్తి శర్మకి అయిదు వికెట్లు, అన్నీ దాని లెక్కలో ఉన్నాయి. నేనూ, కోడలూ సోఫాలో వెనక్కి వాలి మా లెక్కలు మేం చూసుకుంటున్నాం. ఒక పిల్ల జడ ఎంత ఒత్తుగా ఉందో, ఇంకో పిల్ల ఎండలో ఆడి ఆడి ఎంత వాడిపోయిందో, అదిగో ఆ పిల్లకి పెళ్లయిందో లేదో!

"నానమ్మా, ఇందాకట్నించీ ఒక్క పరుగు గురించైనా మాట్లాడావా?" అంది మనవరాలు.

నాకు రోషం వచ్చింది. "నాకేం తెలీదనుకుంటున్నావా? నీ వయసులో మీ నాన్న కూడా పుట్టలేదు, అప్పుడే నేను ప్రపంచకప్పు చూశాను. ఇక్కడే, ఫతే మైదానంలో" అన్నాను. మాట కాస్త అడ్డదిడ్డంగా వచ్చినా దాని కళ్లు ఇంతింతయ్యాయి.

"నిజంగా? ఎవరెవరు ఆడారు?"

"ఇంగ్లండూ, ఆస్ట్రేలియా."

"ఎవరు గెలిచారు?"

అక్కడ ఆగిపోయాను.

అది 1978 జనవరి 13. తేదీ ఎందుకు గుర్తుందంటే ఆ వేళ భోగి. తెల్లారగట్ల మంటలు, తలంట్లు అన్నీ అయ్యాయి. మా మేనమామ కూతురు, వరసకి వదిన, సంక్రాంతికని బెజవాడ నుంచి వచ్చి ఉంది. బాబాయికి ఆఫీసులో ఎవరో మ్యాచికి పాసులిచ్చారు. ఆయనకి కుదరక, "ఆడపిల్లల ఆట, మీరే చూసి రండర్రా" అని మాకు ఇచ్చేశాడు. ఆడపిల్లలు ఇద్దరే ఎలా వెడతారని అమ్మ. చివరికి మా తమ్ముణ్ణి తోడు పంపింది. నాకు పందొమ్మిది, వదినకి ఇరవయ్యొకటి, మా కాపలాదారుకి పది. ఆ రోజుల్లో ఇందులో వింత ఏమీ లేదు లెండి.

స్టేడియానికి లాల్ బహదూర్ పేరు పెట్టినా మా ఇళ్లల్లో అది ఫతే మైదానమే. చలికాలపు ఎండ హాయిగా ఉంది. రెండు జట్లవాళ్లూ తెల్లటి పొట్టి స్కర్టులు, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు. మా వెనక వరసల్లో అంతా మగవాళ్లు. గాలి వీస్తే ఒక ఈల, ఎవరైనా వంగితే ఒక కేక. ఒకామె కాస్త లావుగా ఉండి పరుగెడుతుంటే "భూకంపంరోయ్" అని ఒకడు. ఇంకా ఏవేవో అన్నారు, ఇక్కడ రాసేవి కావు. వదినా, నేనూ పమిటలు నిండుగా కప్పుకుని, వినపడనట్టు కూర్చున్నాం.

అలా అని మేము ఆట చూశామనుకునేరు. మేము చూసిందీ వాళ్లనే. మగవాళ్లు కాళ్లు చూశారు, మేము పెళ్లి సంబంధాలు చూశాం, అంతే తేడా. "ఆ ముక్కు చూడవే, కత్తిపీటలా ఉంది." "మొహం కందిపోయింది, పాపం, వాళ్లమ్మ ఎలా పంపిందో." పొద్దున్న ఫీల్డింగు చేసిన జట్టులో ఒక పొడుగాటి పిల్ల ఉంది. కత్తిరించిన జుట్టు, మడత టోపీ. దూరం నుంచి పరుగెత్తుకొచ్చి బంతి వేస్తుంటే వదిన బుగ్గలు నొక్కుకుంది: "ఆడదానికి ఆ భుజాలేమిటే! ఏ మొగుడు చేసుకుంటాడు?"

కాసేపటికి ఆ పిల్లే మా ఎదురుగా హద్దు గీత దగ్గరకి బంతి వెంట వచ్చి, దాని మీదకి దూకి ఆపింది. మోకాలు చీరుకుపోయి తెల్ల మేజోడు మీద నెత్తురు. లేచి బంతి విసిరేసింది. వెనకనుంచి ఒకడు ఏదో అన్నాడు, చుట్టూ అందరూ గొల్లుమన్నారు. ఆ పిల్ల ఒక్కసారి తల తిప్పి మా వరస వైపు చూసింది. భాష తెలియకపోయినా నవ్వు ఎలాంటిదో తెలియకుండా ఉంటుందా? అప్పుడు మేమూ నవ్వాం. అది మాత్రం నాకు బాగా గుర్తు.

మూడు గంటలకల్లా బయల్దేరాం, సాయంత్రం పిల్లలకి భోగిపళ్లు పొయ్యాలి కదా. తమ్ముడు ఏడుపు మొహంతో వచ్చాడు. రాత్రి రేడియోలో విని ఎవరు గెలిచిందీ వాడు చెప్పే ఉంటాడు. విన్నదెవరు? నాన్న "ఏం చూసొచ్చారమ్మా?" అంటే మాత్రం టోపీలూ, స్కర్టులూ, ముక్కులూ, భుజాలూ గంటసేపు చెప్పాం.

గెలిచింది ఆస్ట్రేలియా. 8 వికెట్ల తేడాతో. ఇంగ్లండు 50 ఓవర్లు ఆడి 96 పరుగులే చేసింది. ఆ ఏడు వేరే ఫైనలంటూ పెట్టలేదు. నాలుగు దేశాలు ఆడితే ఈ రెండూ ఓటమి లేకుండా చివరికొచ్చాయి కనక ఆ మ్యాచే ఫైనలయింది. ఆస్ట్రేలియా ఆడవాళ్లకి అదే మొదటి కప్పు. వాళ్ల కెప్టెను మార్గరెట్ జెనింగ్స్, వికెట్ల వెనక నిలబడేదీ ఆవిడే, ఆ పోటీ మొత్తంలో అందరికన్నా ఎక్కువగా 127 పరుగులు చేసింది. ఇవన్నీ ఈ మధ్య మనవరాలి పక్కన కూర్చుని తెలుసుకున్నవి. అన్నట్టు, ఆడవాళ్ల మొదటి ప్రపంచకప్పు 1973లోనే జరిగింది, మగవాళ్ల దానికన్నా రెండేళ్ల ముందు. ఈ ముక్క మావారికి చెబితే ఒక పట్టాన నమ్మలేదు.

చదువుతూ చదువుతూ ఇంకా వెనక్కి వెళ్లాను. 1745 జూలై 26న ఇంగ్లండులో, సర్రే ప్రాంతంలో, గిల్డ్‌ఫర్డ్ దగ్గర గోస్డెన్ కామన్ అనే మైదానంలో బ్రామ్లీ, హాంబుల్డన్ అనే రెండు ఊళ్ల ఆడపిల్లలు క్రికెట్టు ఆడారు. కాగితం మీదకెక్కిన మొట్టమొదటి ఆడవాళ్ల మ్యాచి అదేనట. క్రికెట్టు నియమాలు రాసుకున్నదే 1744లో, అంటే ఒక్క ఏడాది ముందు. మగవాళ్ల వెనకాల ఏ వందేళ్లకో మొదలుపెట్టారనుకునేదాన్ని, కానేకాదు.

ఆ మ్యాచి గురించి రెడింగ్ మెర్క్యురీ అనే పత్రిక రాసింది. ఏం రాసిందనుకున్నారు? అమ్మాయిలందరూ తెల్లటి దుస్తులు వేసుకున్నారనీ, బ్రామ్లీ వాళ్ల తలకి నీలి రిబ్బన్లు, హాంబుల్డన్ వాళ్ల తలకి ఎర్ర రిబ్బన్లు ఉన్నాయనీ! ఇది చదివి నాకు నవ్వాగలేదు. మేము నాన్నకి చెప్పిన కథా ఇదే కదా. కాకపోతే ఆ విలేఖరి మాకన్నా నయం. స్కోరు కూడా రాశాడు. బ్రామ్లీ 119, హాంబుల్డన్ 127. ఆ రోజుల్లో పరుగుకొక గాటు చొప్పున కర్ర మీద కోసేవారు, గాట్లలోనే లెక్క. బంతి వెయ్యడం, కొట్టడం, పరుగెత్తడం, పట్టుకోవడం మగవాళ్లలో చాలామందికి తీసిపోకుండా చేశారని మెచ్చుకున్నాడు కూడా. రిబ్బన్ల రంగులూ రాశాడు, గాట్ల లెక్కా రాశాడు. ఇరవై రెండు మందిలో ఒక్కరి పేరూ రాయలేదు.

పేర్ల గొడవ ఇంకా ఉంది. 1890లో ఇంగ్లండులోనే ఒక వ్యాపార సంస్థ డబ్బులిచ్చి ఆడవాళ్ల చేత ఊరూరా క్రికెట్టు ఆడించింది. రెండు జట్లు, మళ్లీ ఎరుపూ నీలమే. లివర్‌పూల్‌లో ఆడితే పదిహేను వేలమంది వచ్చారు. ఆ అమ్మాయిలు సొంత పేర్లతో ఆడకూడదు, మారు పేర్లే. పరువు పోకూడదు కదా. దుస్తులు హుందాగా ఉంటాయనీ, ప్రతి జట్టు వెంటా ఒక పెద్దావిడ తోడు ఉంటుందనీ ప్రకటనల్లోనే హామీ ఇచ్చారు. మా తమ్ముడు గుర్తొచ్చాడు. రెండేళ్లు తిరక్కుండానే మేనేజరు వసూళ్లు పట్టుకుని ఉడాయించాడు, ఆట కట్టు. పెద్దావిడ కాపలా అమ్మాయిలకే గాని డబ్బుపెట్టెకి కాదు మరి!

1926లో ఇంగ్లండు ఆడవాళ్లు తమకి తామే సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం పెట్టిన మొదటి జాగ్రత్తల్లో దుస్తులూ ఒకటి. స్కర్టే వెయ్యాలి, తెల్ల మేజోళ్లు తప్పనిసరి. మగవాళ్ల పాంట్లు వేసుకున్నారని ఎవరైనా వేలెత్తి చూపిస్తారని భయం. దీన్ని తప్పని నేను అనలేను. మన ఇళ్లల్లో ఆడపిల్ల బయటికి వెడుతుంటే పమిట సర్దేది ఎవరు, నాన్నా? ఆ స్కర్టుల్లోనే 1934 డిసెంబరులో బ్రిస్బేన్‌లో ఆడవాళ్ల మొదటి టెస్టు జరిగితే, మిర్టిల్ మాక్లగన్ 10 పరుగులిచ్చి 7 వికెట్లు తీసింది. ఆస్ట్రేలియా 47కే ఆలౌటు.

మన దేశంలో ఆడవాళ్ల క్రికెట్టు సంఘం 1973లో లక్నోలో పుట్టింది. మూడేళ్లకే, 1976లో, వెస్టిండీసుతో టెస్టులాడారు. ఆ నవంబరులో పాట్నాలో శాంతా రంగస్వామి జట్టు మనకి మొదటి గెలుపు తెచ్చింది. మరుసటి జనవరిలో న్యూజిలాండులోని డునెడిన్‌లో ఆవిడే 108 కొట్టింది, మన ఆడవాళ్ల మొదటి టెస్టు సెంచరీ అది. రిజర్వేషను లేని రైలు పెట్టెల్లో కిట్లు వేసుకుని వెళ్లి, హాళ్లలో నేల మీద పడుకుని ఆడిన రోజులవి. 1978 పోటీలో మనవాళ్లు, డయానా ఎడుల్జీ కెప్టెనుగా, మూడు మ్యాచిలూ ఓడిపోయారు. ఆ మూడూ కలకత్తా, పాట్నాల్లో జరిగాయి. హైదరాబాదులో మనవాళ్లు ఆడలేదు. ఆడి ఉంటే ఆ వెనక వరసలవాళ్లు ఏమనేవాళ్లో, మేమేమనేవాళ్లమో!

తరవాతి కథ మన సికింద్రాబాదుదే. మిథాలీ రాజ్ చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకున్న పిల్ల. 1999లో, పదహారేళ్లకి, ఐర్లండు మీద మొదటి వన్డేలోనే అవుటవకుండా 114 పరుగులు. 2002 ఆగస్టులో టాంటన్ టెస్టులో 214, అప్పటికి ఆడవాళ్ల క్రికెట్టులో ప్రపంచ రికార్డు. అంత ఆడిన మనిషిని 2017 ప్రపంచకప్పు ముందు ఒక విలేఖరి, మగ క్రికెటర్లలో మీకు ఎవరంటే ఇష్టం అని అడిగాడు. ఇదే ప్రశ్న మగవాళ్లని అడుగుతారా అని ఆవిడ తిరిగి అడిగింది. దానికి అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ తరవాత రెండు నెలలకి జరిగింది. ఒక క్రికెట్టు అకాడమీ ప్రారంభానికి వెళ్లి తీయించుకున్న ఫొటోలో ఆవిడ చంక దగ్గర చెమట మరక కనిపించిందట. అది చూపించి ఎవరో వెక్కిరించారు. మైదానంలో చెమటోడ్చబట్టే ఈ స్థితికి వచ్చాను, సిగ్గుపడాల్సిన పని లేదు అని జవాబిచ్చింది మిథాలీ.

చెమట మరక దగ్గర నేను చదవడం ఆపేశాను. నాకు మేజోడు మీద నెత్తురు మరక కనిపించింది.

మొన్న ఆదివారం బెజవాడకి ఫోను చేశాను. "వదినా, ఆస్ట్రేలియా గెలిచిందిట" అన్నాను.

"ఎప్పుడే?"

"1978లో. భోగినాడు."

వదినకి డెబ్బై నిండబోతున్నాయి. కాసేపు పలకలేదు. తరవాత పకపకా నవ్వింది. నవ్వడం అయ్యాక, "ఆ భుజాల పిల్ల... దెబ్బ తగిలింది చూడు, ఆ పిల్ల పేరేమిటే?" అంది. దానికీ గుర్తుందన్నమాట.

అదే చూస్తున్నాం. పొద్దున్న ఫీల్డింగు చేసిందంటే ఆస్ట్రేలియా పిల్లే అయ్యుండాలని మనవరాలు తేల్చింది. పదకొండు పేర్లూ క్యాలెండరు కాగితం వెనక రాసిపెట్టింది. వికెట్ల వెనక నిలబడ్డది కాదు కనక జెనింగ్స్‌ని కొట్టేశాం. బంతి వేసింది కనక, వెయ్యనివాళ్లని కొట్టేశాం. పొడుగో పొట్టో తెలుసుకోవడానికి పాత ఫొటోలు వెతుకుతున్నాం. మా తమ్ముడికి కూడా కబురు పెట్టాను, వాడైతే ఆట చూసినవాడు.