మాంటా రే – మానవుడు: హనిఫారు అఖాతం చెప్పే చరిత్ర

కీలక పదాలు: మాంటా రే, స్కూబా, మాల్దీవులు, హనిఫారు, సముద్ర సంరక్షణ.

ఉపోద్ఘాతం

సముద్రజీవులను గురించిన మానవుని జ్ఞానం చాలాకాలం పడవ అంచు దగ్గరే ఆగిపోయింది. పైనుండి చూసినవారికి కనిపించినవి ఒక పెద్ద నల్లని నీడ, రెండు కొమ్ములు. అందుకే పాశ్చాత్య నావికులు మాంటా రేను ‘దెయ్యపు చేప’ అన్నారు. తెలుగు తీరంలో టేకు చేపలని పిలిచే వాటికి ఇది బంధువే. అయితే విషంతో గుచ్చే ముల్లు దీనికి లేదు. కొమ్ములుగా తోచినవి ప్లవకాలను నోటివైపు మళ్లించే రెక్కలు మాత్రమే. ఈ భయం పరిచయంగా, పరిచయం రద్దీగా, రద్దీ నియంత్రణగా పరిణమించిన క్రమాన్ని మాల్దీవులలోని హనిఫారు అఖాతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. భయం నుండి పరిచయానికి

స్పానిష్ భాషలో ‘మాంటా’ అంటే దుప్పటి. 1792లో వాల్‌బామ్ ఈ జీవికి శాస్త్రీయ నామమిచ్చాడు. కాని దాని జీవనవిధానం తెలియడానికి మనిషి నీటిలో ఊపిరి పీల్చగలగాలి. 1943లో కూస్తో, గాన్యాన్‌లు రూపొందించిన ఆక్వాలంగ్ ఆ వీలు కల్పించింది. ప్రతి మాంటా పొట్టపైనా మచ్చల అమరిక వేలిముద్రలా ప్రత్యేకంగా ఉంటుంది. ఈతగాళ్లు తీసిన ఛాయాచిత్రాలే వాటిని ఒక్కొక్కటిగా గుర్తించడానికి ఆధారాలయ్యాయి. ఒకే జాతిగా భావించినవి నిజానికి రెండు జాతులని 2009లో మార్షల్ బృందం నిర్ధారించింది.

2. పరిచయం నుండి ఆదాయానికి

మాల్దీవుల సంప్రదాయ వాద్యం బొడుబెరుకు పూర్వం మాంటా చర్మాన్ని బిగించేవారు. 1972లో అక్కడ తొలి విహారకేంద్రం కురుంబా ప్రారంభమయ్యాక ఈ చేప విలువ మారింది. 2006–2008 కాలానికి సంబంధించిన ఒక అధ్యయనం మాంటా సందర్శన వల్ల ఏటా సుమారు 81 లక్షల డాలర్ల ప్రత్యక్ష ఆదాయం వస్తున్నదని అంచనా వేసింది. మరోవైపు చైనా సంప్రదాయ వైద్యం పేరిట మొప్పపలకల వ్యాపారం ఇతర సముద్రాలలో వీటిని హరించింది. ఒక్కో కాన్పుకు సాధారణంగా ఒకే పిల్లను, అదీ దాదాపు ఏడాది గర్భధారణ తరువాత కనే జీవి ఆ నష్టాన్ని త్వరగా పూడ్చుకోలేదు. 2013లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒడంబడిక మాంటాలను రెండవ అనుబంధంలో చేర్చింది.

3. హనిఫారు: ఆదాయం నుండి నియంత్రణకు

బా అటాల్‌లోని ఈ చిన్న అఖాతంలోకి నైరుతి రుతుపవన కాలంలో పోటు నీరు ప్లవకాలను నెట్టుకొస్తుంది. అవి అక్కడే చిక్కుకుంటాయి. ఆ విందుకు ఒక్కోసారి వందకుపైగా మాంటాలు చేరతాయి. వాటి వెంట పడవలు, ఈతగాళ్లు కూడా చేరారు. దీన్ని 2009లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2011లో బా అటాల్‌ను యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. 2012 నుండి హనిఫారులో స్కూబాను నిషేధించారు. గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిపైనే తేలి చూడవచ్చు. సందర్శనకు రుసుము, కాలపరిమితి, గుర్తింపు పొందిన మార్గదర్శకుడు తప్పనిసరి.

ముగింపు

మాంటాను మనకు పరిచయం చేసిన సాధనమే స్కూబా. మాంటాలు అత్యధికంగా కూడే చోట దానినే వదులుకోవలసి వచ్చింది. చంపడంకన్నా చూడడమే లాభమన్న వాదన ఈ జీవిని వేట నుండి కాపాడడానికి తోడ్పడింది. కాని అదే వాదన చూసేవారి నుండి దాన్ని కాపాడలేకపోయింది. అందుకు చట్టం కావలసి వచ్చింది. వన్యప్రాణి సంరక్షణను పర్యాటక ఆదాయంతోనే సమర్థించే ధోరణికి గల పరిమితిని హనిఫారు చరిత్ర స్పష్టం చేస్తున్నది. ఎంత దగ్గరకు వెళ్లగలమన్నది సాంకేతికత నిర్ణయిస్తుంది. ఎక్కడ ఆగాలన్నది సమాజమే నిర్ణయించుకోవాలి.