ఉక్కు వల నుంచి మారీచ దాకా: యుద్ధనౌకల టార్పెడో రక్షణ

1866లో ఆస్ట్రియా సామ్రాజ్యపు రేవుపట్టణమైన ఫియూమెలో రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఆంగ్ల ఇంజినీరు, నీటి అడుగున తనంతట తాను ప్రయాణించి ఓడను తాకి పేలే టార్పెడోను రూపొందించడంతో, ఫిరంగి గుండ్లను కాచుకోవడానికి ఇనుప కవచం తొడుక్కున్న యుద్ధనౌకలకు నీటిమట్టానికి దిగువ భాగం ఆయువుపట్టుగా మారింది. ఆ తర్వాతి రక్షణ ప్రయత్నాలను వరుసగా పరిశీలిస్తే, దెబ్బను ఒంటిమీద కాచుకోవడం నుంచి శత్రువును దూరంగానే పసిగట్టి ఏమార్చడం వైపు అవి క్రమంగా మళ్లాయని తెలుస్తుంది.

1870ల నుంచి బ్రిటిష్ నౌకాదళం ఓడ పక్కలకు దూలాలు చాచి వాటికి ఉక్కు వలలు వేలాడదీసింది. లంగరు వేసినప్పుడు పనికొచ్చిన ఈ వలలు ప్రయాణంలో వేగానికి అడ్డు కాగా, టార్పెడోల ముక్కుకు వలను కోసే కత్తెరలు వచ్చి చేరాయి. 1915 మే 25న గల్లిపోలీ తీరంలో వలలు దించుకునే ఉన్న ట్రయంఫ్ నౌకను జర్మన్ జలాంతర్గామి యు-21 ముంచివేసింది. అదే కాలంలో నౌకా నిర్మాణ నిపుణుడు టెన్నిసన్ డెయిన్‌కోర్ట్ ఓడ పొట్టకు వెలుపల బోలు అరలను ఉబ్బెత్తుగా అమర్చి, పేలుడు లోపలి గోడకు ఎడంగా జరిగే ఏర్పాటు చేశాడు. అయితే తాకకుండానే ఓడ కింద పేలి దాని వెన్ను విరిచే టార్పెడోలు వచ్చాక పక్కల కవచానికి విలువ తగ్గింది.

జలాంతర్గామినే వేటాడాలంటే ముందు దాని ఉనికి తెలియాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో నీటిలోని చప్పుడు వినే హైడ్రోఫోన్లు, నీటి ఒత్తిడిని బట్టి నిర్ణీత లోతులో పేలే పీపాల వంటి డెప్త్ ఛార్జీలు వాడుకలోకి రాగా, ఫ్రాన్స్‌లో పాల్ లాంజెవిన్ క్వార్ట్జ్ స్ఫటికంతో ధ్వని తరంగాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగివచ్చే వ్యవధిని బట్టి దూరం కట్టే పద్ధతికి పునాది వేశాడు. సోనార్‌గా ఎదిగిన ఆ పరికరానికి ఒక లోపం ఉండేది: ధ్వని ముందువైపే సాగేది కనుక, ఓడ సమీపించేసరికి జలాంతర్గామి దాని కిందికి జారి వినికిడికి అందేది కాదు, వెనుక నుంచి జారవిడిచిన డెప్త్ ఛార్జీలు పేలితే నీరు అల్లకల్లోలమై కాసేపు ఏమీ వినిపించేది కాదు. 1942లో వచ్చిన హెడ్జ్‌హాగ్ అనే ఆయుధం 24 చిన్న బాంబులను ఓడకు ముందుగా, దాదాపు 200 మీటర్ల దూరాన విసిరేది. తగిలితేనే పేలే బాంబులు కావడంతో, గురి తప్పినా వేట తెగేది కాదు. 1944 మేలో అమెరికా నౌక ఇంగ్లండ్ 12 రోజుల్లో ఆరు జపాన్ జలాంతర్గాములను ముంచింది దీనితోనే.

1943 సెప్టెంబరులో జర్మనీ ఓడ చప్పుడును వెంటాడే టార్పెడోలను ప్రయోగించగా, మిత్రపక్షాలు ఓడ వెనుక తాడుకు కట్టి లాగే ఫాక్సర్ అనే రొద సాధనంతో వాటిని దారి మళ్లించాయి. కానీ ఆ రొద సొంత సోనార్‌నూ చెవిటిదాన్ని చేసింది.

జలాంతర్గామిని ముందుగా పసిగట్టలేకపోతే ముప్పు తప్పదనే పాఠం భారత నౌకాదళానికి 1971 డిసెంబరు 9న ఎదురైంది. జలాంతర్గాముల వేటకే నిర్మించిన ఖుక్రి నౌకను డయ్యూ సమీపంలో పాకిస్తాన్ జలాంతర్గామి హాంగోర్ ముంచడంతో 194 మంది ప్రాణాలు కోల్పోయారు. ఉష్ణమండల సముద్రాల్లో పైపొర వేడికి ధ్వని వంగిపోయి, కింది చల్లని పొరలోని జలాంతర్గామికి చాటు దొరుకుతుంది. అందుకే సోనార్‌ను లోతుకు దించే హెలికాప్టర్లకు ప్రాధాన్యం పెరిగింది. విశాఖపట్నంలోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల పాలుపంచుకున్న మారీచ వ్యవస్థ 2020లో నౌకాదళంలో చేరింది; వచ్చే టార్పెడోను ఓడ వెనుక లాగే సోనార్‌తో గుర్తించి, కృత్రిమ ధ్వనులతో దాన్ని పక్కదారి పట్టించడం దీని పని.

చప్పుడును కాక ఓడ వెనుక మిగిలే నురుగు జాడను పట్టుకొని వచ్చే టార్పెడోలకు ఈ మాయ పూర్తిగా చాలదు. వాటిని ఎదురెళ్లి పేల్చే చిన్న టార్పెడోలను అమెరికా తన విమాన వాహక నౌకలపై అమర్చినా, నమ్మకంగా పనిచేయకపోవడంతో 2018లో ఆ ప్రయత్నాన్ని ఆపేసింది. కనుక టార్పెడో బయలుదేరక ముందే జలాంతర్గామిని కనిపెట్టగలగడమే నేటికీ ప్రధాన రక్షణగా నిలిచి ఉంది.