తాళంచెవి తెర మీదికి వచ్చిన కథ

ట్రెజరీలలో పనిచేసిన మన సభ్యులకు డబుల్ లాక్ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, చెవులు ఇద్దరి దగ్గర. ఒకరు లేకుండా మరొకరు తీయలేరు. కంప్యూటరు వచ్చిన తరువాత ఆ తాళం ఏ రూపం దాల్చినదో తెలుసుకోవడం మనందరికీ అవసరం.

అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో బృందం 1961లో ఒకే యంత్రాన్ని పలువురు వేర్వేరు టెర్మినళ్ళ నుండి వాడుకునే పద్ధతిని ప్రదర్శించినది. ఒకరి కాగితాలు మరొకరు చూడకుండా ఆ పద్ధతిలో ఒక్కొక్కరికి ఒక రహస్యపదం ఏర్పడినది. అదే పాస్‌వర్డు. 1962లోనే అలాన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన సమయం చాలక, పాస్‌వర్డుల జాబితానే అచ్చు తీసుకున్నాడు. తాళం పుట్టిన నాడే దొడ్డిదారీ పుట్టినది.

1998లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధనాలయం వి.ఎన్.సి. అనే సాధనాన్ని ఉచితంగా విడుదల చేసినది. దూరాన ఉన్న కంప్యూటరు తెరను ఇక్కడ చూస్తూ, ఇక్కడి కీబోర్డుతో దానిని నడపవచ్చు. దానికీ పాస్‌వర్డు ఉన్నది గాని, మొదటి ఎనిమిది అక్షరాలే లెక్కకు వచ్చేవి. ఆ ఏడాది నవంబరు 4ననే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరించే ‘కార్డ్’ పథకం ఆరంభమైనది.

ఆనాటి నుండి మన బతుకు తెర మీదికి చేరుతూనే ఉన్నది. శంకర్‌పల్లి మండలం కొండకల్‌లోని రైతు పొలం వివరాలు 2020లో ధరణికి, 2025లో భూభారతికి ఎక్కినవి. 2014 నుండి మన జీవన ప్రమాణ పత్రమూ అంతే. కంప్యూటరు మొరాయిస్తే పట్నంలో ఉన్న కొడుకో, మనవరాలో అక్కడి నుండే సరిచేయగలరు. ఇది మేలే.

కాని అదే దారిలో దొంగా వస్తాడు. బ్యాంకు వాడినని ఫోను చేసి, ఎనీడెస్క్ వంటిది పెట్టించి, తెర మీద కనిపించే అంకెలు చెప్పమంటాడు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు దీనిపై బ్యాంకులను హెచ్చరించినది. ఇక్కడ తాళం పగలడం లేదు. తాళంచెవి మనమే చేతికిస్తున్నాము.

కనుక డబుల్ లాక్ నియమాన్నే పాటిద్దాము. మనంతట మనము పిలిచిన, మనకు తెలిసిన మనిషికే దారి తెరవాలి. ఎవరూ లేనప్పుడు కూడా పనిచేసే పాస్‌వర్డు పెట్టరాదు. పని జరుగుచున్నంతసేపు మనము తెర ముందే కూర్చోవాలి, బ్యాంకు పేజీ తెరవరాదు. పని ముగియగానే ఆ దారి మూసివేయాలి. మోసం జరిగినదని అనుమానం వస్తే సిగ్గుపడి దాచుకోక, వెంటనే 1930కు ఫోను చేసి, బ్యాంకుకు తెలపాలి. ఎంత త్వరపడితే సొమ్ము నిలిచే అవకాశం అంత ఎక్కువ.