మౌఢ్యమి: కంటికి ఆనని గ్రహం కథ

పెళ్ళి ముహూర్తం పెట్టించుకోవడానికి వెళ్ళినవారు సిద్ధాంతిగారి నోట తరచు వినే మాట ఒకటుంది: “అప్పుడు మూఢం ఉందండీ.” గురుమౌఢ్యమి గానీ శుక్రమౌఢ్యమి గానీ నడుస్తున్నన్నాళ్ళూ పెళ్ళిళ్ళూ, ఉపనయనాలూ, గృహప్రవేశాలూ ఆగిపోతాయి. కల్యాణమండపాలు బోసిపోతాయి, బాజాభజంత్రీల వారికి పని ఉండదు. ఈ మాట వినని తెలుగువారు అరుదు. అయితే ఆ మాటకు అర్థం పంచాంగంలో కాక ఆకాశంలో ఉందనీ, ఎవరైనా తెల్లవారుజామున లేచి దాన్ని స్వయంగా సరిచూసుకోవచ్చుననీ మనలో ఎందరికి తోస్తుంది?

మౌఢ్యమి అంటే గ్రహం సూర్యుడున్న దిక్కుకే చేరి, ఆ వెలుగులో మునిగి, కంటికి ఆనకపోవడం. శాస్త్రగ్రంథాలు దీన్నే అస్తంగత్వమన్నాయి. శుభాశుభాల సంగతి అలా ఉంచితే, మూలంలో ఇది కేవలం చూపుకు సంబంధించిన విషయం. గ్రహాలు ఎప్పుడు కనబడతాయో, ఎప్పుడు కనబడవో చెప్పే లెక్క ఇది.

సూర్యసిద్ధాంతంలో గ్రహాల ఉదయాస్తమయాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. సూర్యుడి నుండి ఎంత ఎడమైతే ఏ గ్రహం కంటబడుతుందో అందులో లెక్క కట్టారు. గురువుకు 11 అంశలు, శనికి 15, కుజుడికి 17. శుక్రుడికి సందర్భాన్ని బట్టి 8 లేదా 10, బుధుడికి 12 లేదా 14. వీటిని కాలాంశలంటారు. అహోరాత్రానికి 60 ఘడియలు, 360 అంశలు గనుక ఒక్కొక్క అంశకు పది విఘడియలు, అంటే నాలుగు నిమిషాలు. గురువు సూర్యుడి కంటే 44 నిమిషాలు ముందుగా ఉదయిస్తే కనబడతాడని దీని భావం. మిక్కిలి కాంతిమంతుడైన శుక్రుడికి అతి చిన్న అంకె, కుజుడికి పెద్ద అంకె ఇవ్వడం గమనించండి. కేవలం గదిలో కూర్చుని గుణించి రాబట్టిన అంకెలు కావివి. ఏ కాలంలోనో, ఏ ఊళ్ళోనో, కొందరు తూరుపు వంక చూస్తూ నిలబడితే తేలినవి.

గురువు సుమారు 399 రోజులకొకసారి సూర్యుడి వెనుకకు పోతాడు. దాదాపు నెల రోజులు కనబడడు. మూఢం విడిచాక మొదట కనబడేది సూర్యోదయానికి ముందు, తూర్పున. ఆపైన రోజురోజుకూ ముందుగా ఉదయిస్తూ, కొన్ని నెలలకు సరిగ్గా సూర్యాస్తమయ వేళకు తూర్పున లేచి రాత్రంతా వెలుగుతాడు. శనికి ఈ ఆవృత్తి 378 రోజులు, కుజుడికి 780.

శుక్రుడి నడక వేరు. సూర్యుడి నుండి 47 డిగ్రీలకు మించి ఎన్నడూ ఎడం కాడు. అందువల్ల మన ప్రాంతాల్లో అర్ధరాత్రి శుక్రుణ్ణి చూసినవారు లేరు. కొన్నాళ్ళు తూర్పున వేగుచుక్క, కొన్నాళ్ళు పడమట సందెచుక్క. 584 రోజుల ఆవృత్తిలో ఆయనకు మౌఢ్యాలు రెండు. సూర్యుడికి ఆవల ఉన్నప్పుడు ఇంచుమించు రెండు నెలలు, ఈవల మనకూ సూర్యుడికీ నడుమ వచ్చినప్పుడు సుమారు వారం పది రోజులు. బుధుడు 28 డిగ్రీలైనా దాటడు గనుక ఎప్పుడూ సంజవెలుగుల్లోనే వెతుక్కోవాలి.

అయితే ఒక చిక్కు. లెక్కలో ఉన్న చిన్న దోషం శతాబ్దాలు గడిచేకొద్దీ పేరుకుపోతుంది. పంచాంగంలో ఉదయించిన గ్రహం ఆకాశంలో ఉదయించకపోతే దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి? పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రశ్నను గట్టిగా వేసినవారిలో మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు ముఖ్యులు. 1867లో ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్నవారాయన. దృష్టికీ గణితానికీ పొత్తు కుదరాలని వాదించి, దృగ్గణిత పంచాంగాన్ని ప్రచురించారు. తరతరాల లెక్కను దిద్దమనడం ఆనాడు తేలికైన మాట కాదు.

ఇంతలో 1874 డిసెంబరు 9 వచ్చింది. ఆ ఉదయం శుక్రుడు సరిగ్గా మౌఢ్యమి నడిమధ్యలో ఉన్నాడు. పంచాంగం ప్రకారం కనబడరాదు. కానీ ఆ రోజే సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కై నాలుగున్నర గంటలకు పైగా నడిచాడు. ఈ శుక్రగ్రస్తాన్ని సామాన్యులకు వివరించడానికి రఘునాథాచార్యులు ముందుగానే ఒక చిన్న పుస్తకం రాసి ఇంగ్లీషుతో పాటు దేశభాషల్లోనూ వెలువరించారు.

అదే ఉదయం విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన దూరదర్శినితో ఆ దృశ్యాన్ని పరిశీలించి, ఫలితాలను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. డాబాగార్డెన్స్‌లోని ఆ నక్షత్రశాల ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో నెలకొల్పినది. జగ్గారావు మద్రాసులో టేలర్ వద్ద ఖగోళం అభ్యసించారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండాతో ఊరివారికి వేళ తెలిపే ఏర్పాటు కూడా చేశారు. మన తీరాన ఒక తెలుగు కుటుంబం రెండు తరాల పాటు ఆకాశాన్ని కొలిచిందన్న సంగతి ఎంతమందికి తెలుసు?

దృక్కు, గణితమన్న వాదు ఆనాటితో తీరలేదు. స్వతంత్ర భారతంలో మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం మళ్ళీ దాన్నే చేపట్టింది. 1957 మార్చి 22 నుండి రాష్ట్రీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. అయినా మూఢం మొదలయ్యే తేదీ, విడిచే తేదీ పంచాంగానికీ పంచాంగానికీ తేడాగా ఉండడం మనమెరిగినదే.

శుక్రగ్రస్తం మళ్ళీ 2004 జూన్ 8న, 2012 జూన్ 6న మనకు కనబడింది. ఇక 2117 డిసెంబరు దాకా లేదు. మౌఢ్యమి మాత్రం ఏటా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఈసారి గురుమౌఢ్యమి విడిచిందని పంచాంగం చెప్పిన రోజున తెల్లవారుజామునే మేడ మీదికెక్కి తూర్పు దిగంతం చూడండి. సూర్యుడు పొడిచేలోగా చూపు మరల్చండి. ఆ రోజు కనబడవచ్చు, కనబడకపోవచ్చు. మంచు, పొగ, గ్రహం నడిచే దారి వాలు, ఇవన్నీ అడ్డుపడతాయి. కనబడిన తేదీ మాత్రం పంచాంగం అంచున రాసి పెట్టుకోండి. ఆ కాలాంశలను మొదట నిర్ణయించినవారు చేసిన పని కూడా అదే.