మోయక తప్పని బొమ్మ

టెలివిజన్ తొలిసారి తెలుగు పల్లెల్లోకి వచ్చినప్పుడు అనంతపురం జిల్లాను వదిలేసి వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు, అమెరికా వాళ్ల ఉపగ్రహం అరువు తెచ్చుకుని మన దేశం ‘సైట్’ ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. మనకు ఉత్తరాన ఉన్న కర్నూలుకు బొమ్మ దిగింది. ఇంకా పైన, కర్ణాటకలోని రాయచూరుకూ దిగింది. అనంతపురానికి రాలేదు. నెత్తి మీదకొచ్చిన మబ్బు పక్క జిల్లాలో కురిసిపోవడం ఇక్కడ ఏటా చూసేదే కాబట్టి, దీన్ని ఎవరూ కొత్త అన్యాయంగా లెక్కేసుకోలేదు.

1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. హైదరాబాదు ఇక్కడికి మూడువందల అరవై కిలోమీటర్ల దూరం. టీవీ తరంగం కంటిచూపు లాంటి తిన్నని దారిలో పోయేదే గాని కొండలెక్కి దిగేది కాదు. ఎనభైల నడుమ దేశమంతా రోజుకొక ట్రాన్స్‌మిటర్ అన్నంత వేగంగా పాతుకుంటూ పోయిన కాలం వచ్చాకే చిన్న ఊళ్లకు సొంత టవర్లు దక్కాయి. అనంతపురానికీ ఒక రిలే కేంద్రం వచ్చింది. రిలే అంటే రిలేనే. ఢిల్లీలోనో హైదరాబాదులోనో తయారైన బొమ్మను ఉపగ్రహం నుంచి అందుకుని చుట్టుపక్కల ఊళ్లకు వదలడం దాని పని. సొంతంగా చెప్పుకోవడానికి దానికి ఒక్క మాట లేదు. వంద వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరైతే పదిహేను ఇరవై కిలోమీటర్లు దాటేసరికి బొమ్మ మీద చీమలు పాకడం మొదలయ్యేది.

అయినా ఆ ఇనుప స్తంభం జిల్లాకు చాలా ఇచ్చింది. శాంతిస్వరూప్ గొంతుతో వార్తలు, శుక్రవారం చిత్రలహరి, 1987 జనవరి నుంచి ఏడాదిన్నర పాటు ఆదివారం పొద్దున రామాయణం. మిద్దె మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, కిటికీ దగ్గర ఒకరు, టీవీ ముందర ఒకరు నిలబడి కేకలేసుకునేవాళ్లు. చెనక్కాయ విత్తనం ఇంట్లో పెట్టుకుని పదును కోసం చూసే రైతు మాత్రం అన్నీ అయిపోయాక చివర్లో వచ్చే వాతావరణం కోసం కూర్చునేవాడు. కోస్తాలో పలుచోట్ల వర్షాలు, రాయలసీమలో అక్కడక్కడ జల్లులు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు దాటని నేలకు ఆ ‘అక్కడక్కడ’లో తన ఊరుందో లేదో ఎవరూ చెప్పరు. నిజం చెప్పాలంటే, అనంతపురం టవర్ నుంచి వెలువడినదాంట్లో అనంతపురానికి సంబంధించింది ఆ అర వాక్యమే.

తొంభైల మొదట్లో డిష్షులు వచ్చాయి. 1991లో గల్ఫ్ యుద్ధం, స్టార్ టీవీ. 1995లో ఒకే ఏడు జెమిని, ఈటీవీ. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కుర్రాడో, రేడియోలు బాగుచేసే కుర్రాడో మిద్దె మీద పెద్ద డిష్షు బిగించి, కింది గదిని కంట్రోల్ రూమ్ అని, కరెంటు స్తంభాల మీదుగా నల్లటి వైరు లాగి వీధులు పంచుకున్నాడు. సందు చివరి ఆంప్లిఫయర్‌కు కరెంటు ఏదో ఒక ఇంటి నుంచే తీసుకోవాలి. అందుకు బదులుగా ఆ ఇంటికి కనెక్షన్ ఊరికే. ఆ ఇంట్లో ఫ్యూజు పోతే వీధంతా బొమ్మ ఆగిపోయేది. “అన్నా, బొమ్మ రాలేదు” అని వెళ్తే, “ఆంప్లిఫయర్‌కు కరెంటు లేదక్కా, నేనేం చేసేది” అనేవాడు. నెలాఖరుకు బిల్లు పుస్తకం పట్టుకుని మళ్లీ అతనే వచ్చేవాడు. ఇంత దగ్గరగా మసలిన టీవీ అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

ఈ కుర్రాళ్ల మీద ఢిల్లీ కన్ను త్వరగానే పడింది. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సు, 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం. అందులో ఎనిమిదో సెక్షన్ చెప్పింది: డిష్షు వాడే ప్రతి ఆపరేటరూ కనీసం రెండు దూరదర్శన్ చానళ్లు తప్పనిసరిగా చూపించాలి. కోతలు, మార్పులు కుదరవు. 2000లో దాన్ని ఇంకా బిగించారు. రెండు జాతీయ చానళ్లు, ఒక ప్రాంతీయ భాషా చానల్, అవీ ప్రైమ్ బ్యాండులోనే. తప్పితే సామగ్రి జప్తు చేయొచ్చు. మొదటి నేరానికి రెండేళ్ల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో. శిక్షల పట్టికలో జైలు అంత పొడుగూ జరిమానా అంత పొట్టీ ఎందుకో రాసినవాళ్లకే తెలియాలి.

ప్రైమ్ బ్యాండు సంగతి కొంచెం నిదానంగా చూడాలి, కథంతా అక్కడే ఉంది. పాత టీవీలకు ఎనిమిదో పన్నెండో బటన్లు. వాటికి సులువుగా అందేవి మొదటి బ్యాండులో 2, 3, 4 నంబర్లు, మూడో బ్యాండులో 5 నుంచి 12 వరకు. మొత్తం పదకొండు కుర్చీలు. అందులో మూడు చట్టం పేరిట దూరదర్శన్‌కు. పైగా ఊళ్లో టవర్ ఉండి అదీ ఆ బ్యాండులోనే ప్రసారం చేస్తుంటే, ఆ నంబరు మీద కేబుల్ వాడు ఏ చానల్ పెట్టినా గాల్లోంచి వచ్చే సిగ్నల్ వైర్లోకి చొరబడి బొమ్మకు నీడలు పుట్టిస్తుంది. అంటే ఇంకొక కుర్చీ కూడా పోయినట్టే. మిగిలిన ఏడింటికి జెమిని, ఈటీవీ, క్రీడలు, హిందీ, రాత్రి తాను వేసే సినిమా, అన్నీ పోటీ. తర్వాతి రోజుల్లో ముందు కుర్చీ కోసం ప్రైవేటు చానళ్లు క్యారేజ్ ఫీజు చెల్లించేదాకా పోయింది వ్యవహారం. డబ్బిచ్చేవాడు గుమ్మంలో నిలబడి ఉంటే, ఊరికే వచ్చి చట్టం కాగితం చూపించే అతిథికి మర్యాద ఏపాటిదో ఊహించుకోవచ్చు. దూరదర్శన్‌ను ఏ మూలకో నెట్టడం, బొమ్మ సగం సగం రానివ్వడం దేశమంతా జరిగినవే, పార్లమెంటు దాకా వెళ్లిన ఫిర్యాదులే.

2000 నాటి ఆ సవరణలో ఇంకొక మాట ఉంది. దాన్ని అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. దూరదర్శన్‌ను ఉపగ్రహం నుంచి తీసుకోవాలి, టవర్ వాడే ఫ్రీక్వెన్సీ కాక వేరే దాంట్లో ఇవ్వాలి అని ఆ మాట. సాంకేతికంగా న్యాయమే, నీడలు తప్పుతాయి. కాని దాని అర్థమేమిటంటే, కేబుల్ ఉన్న ఇంట్లో కనిపించే దూరదర్శన్‌కు ఊరి టవర్‌తో ఇక చుట్టరికం లేదు. ప్రభుత్వమే కట్టిన టవర్‌ను పక్కనబెట్టి ప్రభుత్వ చానల్‌ను ఆకాశం నుంచి తెచ్చుకోమని ప్రభుత్వమే చెప్పింది. దూరదర్శన్‌ను కాపాడిన సెక్షనే అనంతపురం టవర్‌ను అనవసరం చేసింది. వైరు వచ్చిన ప్రతి ఇంటి మీదా ఒక యాంటెన్నా వంగి, తుప్పుపట్టి, బట్టలారేసే తీగకు ఆసరాగా మారింది.

అమెరికాలోనూ మోయక తప్పదన్న ఇలాంటి నియమమే ఉంది, 1992 నాటి చట్టంతో. అక్కడ కేబుల్ కంపెనీలు కోర్టుకెక్కాయి. 1997లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి నియమాన్ని నిలబెట్టింది. ఆ తీర్పు వెనుక ఉన్న వాదం సాదా మాటల్లో ఇది: ఊరి స్టేషన్ చచ్చిపోతే, కేబుల్ కొనుక్కోలేని ఇంటికి ఊరి కబురు ఉండదు. అక్కడ కాపాడదలచింది ఊరి వార్తలూ వాతావరణమూ ఊరి దుకాణాల ప్రకటనలూ ఉన్న స్టేషన్‌ను. ఇక్కడ కాపాడింది ఢిల్లీని, హైదరాబాదును. ఊరి కబురు నిజంగా చెప్పింది ఆ కేబుల్ కుర్రాడే. సాయంత్రం పూట కెమెరా భుజాన వేసుకుని మున్సిపల్ నీళ్ల గొడవ, మార్కెట్ యార్డు ధరలు, గణేశ్ నిమజ్జనం చూపించిన లోకల్ చానల్ అతనిది. దాన్ని మోయమని ఏ చట్టమూ ఎవరికీ చెప్పలేదు. కొన్ని లోకల్ చానళ్లు పెళ్లి వీడియోలు, బెదిరింపు వార్తలు, రాజకీయ నాయకుల పుట్టినరోజులతోనే గడిపాయన్నదీ అబద్ధం కాదు. అయినా ఊరు కనిపించిన తెర అదొక్కటే.

మూతపడే ముందు టవర్‌కు ఒక వింత గౌరవం దక్కింది. 2007లో క్రీడా ప్రసారాల చట్టం వచ్చింది. జాతీయ ప్రాముఖ్యమున్న ఆటల సిగ్నల్‌ను ప్రైవేటు చానళ్లు దూరదర్శన్ నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. పేదవాడు కూడా క్రికెట్ చూడాలన్నది ఉద్దేశం. దూరదర్శన్‌ను మోయక తప్పదు కనుక కేబుల్ ఇళ్లకూ ఆ ఆట ఉచితంగా చేరింది. హక్కులు కొన్న చానల్ ఊరుకుంటుందా? వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరి 2017 ఆగస్టు 22న తీర్పొచ్చింది. పంచుకున్న ఆట టవర్ల మీద, దూరదర్శన్ సొంత డీటీహెచ్ మీద మాత్రమే రావాలి, కేబుల్లో రాకూడదు. దాంతో ఒకే చానల్ రెండు ముఖాలతో బతకాల్సి వచ్చింది. కేబుల్లో ఒక కార్యక్రమం, టవర్‌లో ఆట. పదిహేడేళ్ల కిందట చట్టం పనిలేకుండా చేసిన టవర్‌కు, డబ్బు కట్టే కేబుల్ ఇంట్లో లేని ఒక హక్కు న్యాయస్థానం చేతుల మీదుగా వచ్చింది.

దాన్ని అనుభవించడానికి మిద్దెల మీద యాంటెన్నాలు లేవు, అంగట్లో యాంటెన్నా అడిగితే నవ్వుతారు. టవర్లకు అప్పటికే తాళాలు పడుతున్నాయి. 2021 అక్టోబరులో ప్రసార భారతి దశలవారీగా మూసేయబోయే అనలాగ్ ట్రాన్స్‌మిటర్ల లెక్క చెప్పింది: అక్టోబరు ఆఖరుకు 152, డిసెంబరు ఆఖరుకు 109, 2022 మార్చి 31కి 151. సరిహద్దు వంటి కీలక ప్రాంతాల్లో యాభై చిల్లర ఉంచి మిగతావన్నీ ఆర్పేస్తామని, స్పెక్ట్రమ్ ఖాళీ అవుతుందని, కరెంటు ఖర్చు తగ్గుతుందని వివరణ. ఆ గడువు దాటిన నాలుగో రోజు, ఏప్రిల్ 4న, జిల్లానే రెండుగా చీలి పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. పత్రికల్లో ఆ వారమంతా ఏ మండలం ఎటు పోయిందన్నదే చర్చ. టవర్ల గురించి మాట్లాడే తీరిక ఎవరికుంది?

కేబుల్ వాడు గెలిచాడా అంటే, అతని పతనం ఇంకా ముందే మొదలైంది. చిన్న ఊళ్లలో కేబుల్‌ను డిజిటల్‌కు మార్చాల్సిన గడువు 2015 డిసెంబరు 31. సెట్‌టాప్ బాక్సులు చాలక కోర్టుల్లో స్టేలు వచ్చి 2017 జనవరి దాకా సాగింది, పల్లెలకు మార్చి దాకా. గడువు ముగిసేసరికి ఊళ్లోని కంట్రోల్ రూమ్‌కు పనిలేదు. చానళ్లన్నీ నగరంలోని పెద్ద సంస్థ నుంచి ఫైబర్‌లో వస్తాయి, ఏ చానల్ ఏ నంబరులో ఉండాలో వాళ్లే తేలుస్తారు. పదకొండు కుర్చీల పంచాయితీ చేసిన మనిషి బాక్సులు రీచార్జి చేసే ఏజెంటయ్యాడు. 2017 డిసెంబరులో ప్రభుత్వ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్ కలిపి ఇస్తానంటూ కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. అప్పటికే జేబులో జియో ఉంది. 2019 ఫిబ్రవరి నుంచి కొత్త ధరల పద్ధతిలో నూరు చానళ్లకు 130 రూపాయలు, పన్ను వేరే. ఆ నూరులో పాతికకు పైగా తప్పనిసరి దూరదర్శన్‌వే. నెల బిల్లు పెరిగిందని ఇల్లాళ్లు తిట్టింది రూల్ రాసినవాళ్లను కాదు, గుమ్మంలో నిలబడ్డ అతన్ని. మరుసటి ఏడు తప్పనిసరి చానళ్లను ఆ లెక్కలోంచి తీసేశారు గాని అప్పటికే చాలామంది బాక్సు అటకెక్కించారు.

అతని లోకల్ చానల్‌కూ 2022 నవంబరు 30న ఢిల్లీ నుంచి నిబంధనలు వచ్చాయి. అలాంటి సొంత చానళ్లు మొత్తం సామర్థ్యంలో అయిదు శాతం మించరాదట. ఒక్కదాన్ని నడపడానికే జీతాలు చాలని చోట ఇది పెద్ద కట్టడి కాదు.

ఎనిమిదో సెక్షన్ ఇప్పటికీ పుస్తకంలో ఉంది. 2014లో ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి, తెలంగాణకు యాదగిరి అని వేరుపడ్డ దూరదర్శన్ చానళ్లూ తప్పనిసరి వరుసలోనే ఉన్నాయి. 2023లో జన్ విశ్వాస్ చట్టం కేబుల్ నేరాలకున్న జైలు శిక్షను ఎత్తేసి, సలహా, మందలింపు, హెచ్చరిక, జరిమానా అని మెట్లు పెట్టింది. అనంతపురంలో ఆ మందలింపు అందుకోవాల్సిన మనిషి ఈమధ్య ఎక్కువగా వైఫై కనెక్షన్లు ఇస్తున్నాడు, టీవీ కావాలంటే అడిగి వేయించుకోవాలి.