జహంగీరు కొలువులో మధుపాత్ర

మద్యపానం మనిషి గౌరవాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు మొగలు చరిత్ర ఒకే సమాధానం ఇవ్వదు. 1527లో ఖాన్వా యుద్ధానికి ముందు బాబరు మద్యాన్ని విసర్జించి, వెండి బంగారు పానపాత్రలను పగులగొట్టించి, ఆ ముక్కలను పేదలకు పంచిపెట్టాడు. భయంతో కుంగిన సైన్యానికి ఆ త్యాగం ధైర్యాన్నిచ్చింది. ఆనాడు పాత్రను విడనాడటమే పాలకుని ప్రతిష్ఠ.

బాబరు మునిమనుమడైన జహంగీరు కాలానికి పరిస్థితి మారింది. 1605లో రాజ్యానికి వస్తూనే ఆయన మద్యం తయారీని, అమ్మకాన్ని నిషేధించాడు. అయితే, ఒకప్పుడు రోజుకు 20 పాత్రల సారాయి సేవించాననీ, చేతులు వణికి పాత్రను ఇతరులు పట్టి తాగించవలసి వచ్చిందనీ తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నవాడూ ఆయనే. సోదరులు మురాద్, దానియాల్ ఇద్దరూ తాగుడుకే బలైపోయారు. అయినా, జహంగీరు ముద్రించిన కొన్ని బంగారు మొహరీల మీద చక్రవర్తి మధుపాత్ర ధరించి కనిపిస్తాడు. రాజు చేతిలో ఆ పాత్ర రాచరికానికే చిహ్నమయింది.

ఇతరుల విషయం వేరు. 1615లో భారతదేశానికి వచ్చిన ఆంగ్ల రాయబారి సర్ థామస్ రో దినచర్యలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. చక్రవర్తి ఆంతరంగిక సభ అయిన గుసుల్‌ఖానాలో ప్రవేశించేవారి శ్వాసను ద్వారపాలకులు వాసన చూసేవారు. మద్యం వాసన సోకితే లోపలికి అనుమతి లేదు. సంగతి తెలిస్తే కొరడా దెబ్బలు తప్పించుకోవడం కష్టం. అదే రోకు 1616లో చక్రవర్తి జన్మదిన వేడుకలో రత్నాలు పొదిగిన బంగారు పాత్ర నిండా మద్యం బహూకృతమయింది. దాని ఘాటుకు ఆయన తుమ్మితే జహంగీరు నవ్వాడట.

ఆ ఏడాదే మరొక సంఘటన జరిగింది. ఒక రాత్రి చక్రవర్తి తన కొలువులోని వారిని తాగమని ఆజ్ఞాపించి, తరువాత ఆ మాట మరచిపోయాడు. ఆ విందు ప్రస్తావన రాగానే ఆజ్ఞ ఎవరిదని ప్రశ్నించాడు. తమరిదేనని చెప్పే సాహసం ఎవరికీ లేకపోయింది. బక్షీ ఆజ్ఞ అన్నారు. తాగినవారిలో కొందరికి జరిమానాలు, మరికొందరికి చక్రవర్తి సమక్షంలోనే కొరడా దెబ్బలు పడ్డాయి.

తాగిన మద్యం ఒక్కటే. ప్రభువు చేతిలో అది వైభవం, అతిథి చేతిలో అనుగ్రహం, సేవకుని శ్వాసలో అపరాధం. మనిషి తాగుడును లోకం ఎలా చూస్తుందన్నది పాత్రలోని ద్రవం కన్నా అధికారమే ఎక్కువగా నిర్ణయించింది.