ఎండోమెట్రియోసిస్ చికిత్సా చరిత్ర: 'గర్భమే మందు' అన్న భావన - పరిశీలన

వ్యాస సంగ్రహం:

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం గర్భాశయానికి వెలుపల పెరిగే దీర్ఘవ్యాధి ఎండోమెట్రియోసిస్. ఈ వ్యాధికి గత వందేళ్లలో వచ్చిన చికిత్సలను కాలక్రమంలో పరిశీలిస్తే, 'గర్భధారణే దీనికి మందు' అన్న భావన వాటి వెనుక చాలాకాలం నిలిచి ఉన్నట్లు తెలుస్తుంది. ఆ భావన ఎలా పుట్టింది, మందుల్లోనూ కొలమానాల్లోనూ ఎలా కొనసాగింది, చివరకు ఎలా సడలింది అన్న అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: ఎండోమెట్రియోసిస్, బహిష్టు నొప్పి, హార్మోన్ చికిత్స, లాపరోస్కోపీ, గర్భసంచి తొలగింపు, వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

"పెళ్లయితే అదే తగ్గుతుంది", "ఒక కాన్పు అయితే నొప్పి పోతుంది" అన్న మాటలు బహిష్టు నొప్పితో బాధపడే ఆడపిల్లలకు తెలుగు ఇళ్లలో తరచు వినిపించేవే. వీటిని పెద్దవాళ్ల ఓదార్పుగా తీసుకోవడం పరిపాటి. అయితే ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగంలో అమెరికాలోని ప్రముఖ వైద్యులు ఇదే సలహాను శాస్త్ర పత్రికల్లో సిద్ధాంతంగా ప్రతిపాదించారు. ఇంటి మాటకూ వైద్య సిద్ధాంతానికీ మధ్య ఉన్న ఈ పోలిక ఎండోమెట్రియోసిస్ చరిత్రను అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పునరుత్పత్తి వయసులోని స్త్రీలు, బాలికలలో సుమారు 10 శాతం మందికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంది. తీవ్రమైన బహిష్టు నొప్పి, దీర్ఘకాలిక పొత్తికడుపు నొప్పి, సంభోగంలోనూ మలమూత్ర విసర్జనలోనూ నొప్పి, అలసట, సంతానలేమి దీని ప్రధాన లక్షణాలు. దీన్ని సమూలంగా నయంచేసే మందు నేటికీ లేదు. కాబట్టి ఈ వ్యాధిలో చికిత్సను ఎంచుకోవడమంటే ఒక్కొక్క పద్ధతి ఇచ్చే ఉపశమనాన్నీ, దానికి చెల్లించాల్సిన మూల్యాన్నీ తూచి చూసుకోవడమే. ఆ తూకం ఎవరు వేశారు, అందులో దేనికి ఎక్కువ విలువ ఇచ్చారు అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. వ్యాధికి పేరు - కారణాన్వేషణ:

వియన్నాకు చెందిన రోగనిర్ధారణ శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ రోకిటాన్‌స్కీ 1860లో కొన్ని కణుతుల్లో గర్భాశయ గ్రంథులవంటి నిర్మాణాలు కనిపించడాన్ని నమోదు చేశారు. వ్యాధికి నేటి రూపురేఖలు ఇచ్చినవారు మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పనిచేసిన జాన్ శాంప్సన్. అండాశయాల మీద ఏర్పడే, పాతరక్తంతో నిండిన 'చాక్లెట్ తిత్తులను' ఆయన 1921లో వివరించారు. 1920లలోనే 'ఎండోమెట్రియోసిస్' అన్న పేరును వాడుకలోకి తెచ్చారు. బహిష్టు రక్తంలో కొంత భాగం అండవాహికల గుండా వెనక్కి ప్రవహించి, అందులోని కణాలు ఉదరకుహరంలో నాటుకుంటాయని 1927లో ప్రతిపాదించారు.

ఈ ప్రతిపాదన నేటికీ ప్రధాన సిద్ధాంతాల్లో ఒకటి. కాని రక్తం ఇలా వెనక్కి ప్రవహించడం అత్యధికశాతం స్త్రీలలో జరిగేదేనని 1984లో వెలువడిన ఒక పరిశీలన చూపింది. అందరిలోనూ జరిగేది కొందరిలోనే వ్యాధిగా ఎందుకు మారుతుందన్న ప్రశ్న అలాగే మిగిలింది. రోగనిరోధక వ్యవస్థ, వంశపారంపర్యత, హార్మోన్ల పాత్రపై పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది.

3. వివాహ వయసు - వైద్య సలహా:

శాంప్సన్ సిద్ధాంతం నుంచి ఒక అనుమానం సహజంగా పుట్టింది. బహిష్టులే వ్యాధికి మూలమైతే, అవి ఆగిపోయే గర్భధారణ కాలం రక్షణ ఇవ్వాలి కదా? బోస్టన్‌కు చెందిన హార్వర్డ్ వైద్యాచార్యుడు జో మెగ్స్ 1941 నుంచి రాసిన వ్యాసాల్లో దీన్ని సామాజిక సూత్రంగా మార్చారు. ఆలస్యపు వివాహం, ఆలస్యపు సంతానం ఈ వ్యాధికి కారణాలని, త్వరగా పెళ్లి చేసుకుని పిల్లల్ని కనడమే నివారణ అని ఆయన వాదించారు. క్రమంగా ఇది ఉద్యోగాలు చేసే, చదువుకున్న, సంపన్న శ్వేతజాతి స్త్రీల జబ్బుగా పేరుపడింది.

ఈ చిత్రణ వల్ల రెండు విధాల నష్టం జరిగింది. నొప్పితో వచ్చిన స్త్రీకి వైద్యానికి బదులు ఆమె జీవన విధానంపై తీర్పు ఎదురైంది. ఆ చిత్రణలో ఇమడని స్త్రీలకు అసలు వ్యాధే కనబడకుండా పోయింది. 1976లో డొనాల్డ్ చాట్‌మన్ అనే వైద్యుడు నల్లజాతి స్త్రీలకు లాపరోస్కోపీ చేసి చూడగా 20 శాతానికి పైగా ఎండోమెట్రియోసిస్ బయటపడింది. వారిలో చాలామందికి అంతకుముందు పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్ అని పొరపాటుగా నిర్ధారించారు. వ్యాధి ఒక వర్గానిదన్న నమ్మకం ఆ వర్గాన్ని మాత్రమే పరీక్షించడం వల్ల బలపడిందని దీనివల్ల స్పష్టమైంది.

4. మందులు - మూడు కృత్రిమ స్థితులు:

హార్మోన్ మందుల చరిత్రలోనూ ఇదే ఆలోచన మరో రూపంలో కనిపిస్తుంది. ప్రతి దశలోనూ స్త్రీ శరీరాన్ని బహిష్టు లేని మరొక స్థితిలోకి మార్చడమే లక్ష్యం.

మొదటిది కృత్రిమ గర్భధారణ స్థితి. బోస్టన్‌కే చెందిన రాబర్ట్ కిస్ట్‌నర్ 1950ల చివర ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ హార్మోన్లను నెలల తరబడి విరామం లేకుండా ఇచ్చి, గర్భవతి శరీరంలో ఉండే స్థితిని కల్పించారు. పెళ్లి, కాన్పు అవసరం లేకుండానే గర్భధారణ ఫలితాన్ని మాత్రగా ఇచ్చే ప్రయత్నమిది.

రెండవది పురుష హార్మోన్‌ను పోలిన డనజోల్. 1970లలో వచ్చిన ఈ మందు నొప్పిని తగ్గించింది. కాని బరువు పెరగడం, మొటిమలు, అవాంఛిత రోమాలు, కొందరిలో గొంతు బొంగురుపోవడం వంటి దుష్ప్రభావాలు కలిగాయి. మారిన గొంతు మందు మానినా తిరిగి మామూలు కాకపోవచ్చు.

మూడవది కృత్రిమంగా ముట్లుడిగిన స్థితి. మెదడు నుంచి వెలువడి అండాశయాలను నియంత్రించే హార్మోన్ నిర్మాణాన్ని కనుగొన్నందుకు రోజే గియెమాఁ, ఆండ్రూ షాలీలకు 1977లో నోబెల్ బహుమతి లభించింది. దాని ఆధారంగా రూపొందిన ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌ను 1990లో అమెరికాలో ఈ వ్యాధికి ఆమోదించారు. ఒంట్లో వేడి ఆవిర్లు, ఎముకల సాంద్రత తగ్గడం వంటి ఇబ్బందుల వల్ల తొలుత దీన్ని ఆరు నెలలకే పరిమితం చేశారు. తరవాత స్వల్ప మోతాదులో హార్మోన్లు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది.

ప్రొజెస్టిన్ వర్గానికి చెందిన డయనోజెస్ట్ రోజుకు 2 మిల్లీగ్రాముల మాత్రగా ఇప్పుడు విరివిగా వాడుకలో ఉంది. నొప్పి విషయంలో ఇది ల్యూప్రోలైడ్‌కు తీసిపోదని 2010లో ప్రచురితమైన పోలిక తెలిపింది. క్రమంలేని రక్తస్రావం దీనిలోని ప్రధానమైన ఇబ్బంది. ఈ హార్మోన్ మందులన్నింటికీ ఒక ఉమ్మడి పరిమితి ఉంది. ఇవి వ్యాధిని అణచి ఉంచుతాయి. ఆపితే లక్షణాలు తిరిగి రావచ్చు. వాడుతున్నంతకాలం గర్భం కోరుకునే స్త్రీకి పనికిరావు.

5. శస్త్రచికిత్స - కొలమానాలు:

పొట్ట కోయకుండా లోపలికి చూసే లాపరోస్కోపీని ప్యారిస్‌లో రౌల్ పామర్ 1940లలో స్త్రీరోగాలకు అన్వయించారు. తరవాతి దశాబ్దాల్లో చూడటమే కాక, వ్యాధి భాగాలను కాల్చడం, కోసి తీసివేయడం కూడా ఈ పద్ధతిలోనే సాధ్యమైంది.

చూసినదాన్ని కొలిచే పద్ధతిని 1979లో అమెరికన్ ఫెర్టిలిటీ సొసైటీ రూపొందించి, 1985లో సవరించింది. ఇందులో వ్యాధికి నాలుగు దశలు. సంస్థ పేరు సూచించినట్లే, ఈ కొలమానం ప్రధానోద్దేశం సంతానప్రాప్తి అవకాశాన్ని అంచనా వేయడం. నొప్పి తీవ్రతతో ఈ దశలు సరిపోలవు. మొదటి దశలోని స్త్రీ మంచం పట్టవచ్చు. నాలుగో దశలోని స్త్రీకి నొప్పే తెలియకపోవచ్చు. అయినా 'మీది మొదటి దశే' అన్న మాట బాధ చిన్నదన్న అర్థంలో చలామణీ అయింది.

నొప్పినే ప్రధాన ఫలితంగా తీసుకుని, ఉత్తుత్తి శస్త్రచికిత్సతో పోల్చిన అధ్యయనాలు 1990ల నుంచి వచ్చాయి. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 39 మంది స్త్రీలు పాల్గొన్నారు. వ్యాధి భాగాలను కోసి తీసినవారిలో 80 శాతం మందికి, కేవలం లోపల చూసి వదిలినవారిలో 32 శాతం మందికి ఉపశమనం కలిగింది. శస్త్రచికిత్స ప్రయోజనం నిజమైనదే. కాని అది శాశ్వతం కాదు. అయిదేళ్లలో 40 నుంచి 50 శాతం మందిలో వ్యాధి తిరగబెడుతుందని అంచనా. అండాశయ తిత్తిని తీసేటప్పుడు ఆరోగ్యవంతమైన అండాలు కూడా కొంత నష్టపోతాయి. పిల్లలు కావాలనుకునేవారు ఈ నష్టాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

6. తెలుగు నేల - గర్భసంచి తొలగింపు:

తెలుగు రాష్ట్రాల్లో ఈ తూకానికి మరొక కోణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇవన్నీ ఎండోమెట్రియోసిస్ వల్ల జరిగినవి కావు. అధిక రక్తస్రావం వంటి కారణాలే ఎక్కువ. అయితే 'పిల్లలు పుట్టారు కదా, ఇక సంచి ఎందుకు?' అన్న ధోరణి ఎంత సులభంగా చెల్లుబాటవుతున్నదో ఈ అంకెలు చూపుతాయి.

ఈ ధోరణికీ మెగ్స్ సలహాకూ మూలం ఒక్కటే. కాన్పుకు ముందు గర్భమే మందు. కాన్పుల తరవాత గర్భసంచి అనవసరం. రెండు సందర్భాల్లోనూ స్త్రీ నొప్పికి సొంతంగా విలువ లేదు. పైగా ఎండోమెట్రియోసిస్ నిర్వచనరీత్యానే గర్భాశయం వెలుపలి వ్యాధి. సంచి తీసినా పేగుల మీద, అండాశయాల మీద ఉన్న వ్యాధి అలాగే ఉండిపోవచ్చు.

7. ముగింపు:

1980లో అమెరికాలోని మిల్వాకీలో మేరీ లూ బాల్‌వెగ్ తదితరులు ఎండోమెట్రియోసిస్ అసోసియేషన్‌ను స్థాపించి, రోగుల అనుభవాలను వారి మాటల్లోనే సేకరించడం మొదలుపెట్టారు. ఇటువంటి ప్రయత్నాల ప్రభావం తరవాతి వైద్య మార్గదర్శకాల్లో కనిపిస్తుంది. ఐరోపా మానవ పునరుత్పత్తి శాస్త్ర సంఘం 2022లో వెలువరించిన మార్గదర్శకాలు మూడు ముఖ్యమైన మార్పులను నమోదు చేశాయి.

1. కేవలం వ్యాధి చికిత్స కోసం గర్భం దాల్చమని సలహా ఇవ్వకూడదు. గర్భధారణ వల్ల లక్షణాలు తప్పక తగ్గుతాయన్న హామీ లేదు.
2. వ్యాధి నిర్ధారణకు లాపరోస్కోపీయే ప్రమాణం కాదు. స్కానింగుల ఆధారంగా, లేదా మందు ఇచ్చి చూసి కూడా చికిత్స సాగించవచ్చు.
3. హార్మోన్ మందును ఎంచుకునేటప్పుడు రోగి ఇష్టాన్ని, దుష్ప్రభావాలను, ఖర్చును, లభ్యతను లెక్కలోకి తీసుకుని వైద్యులు, రోగి కలిసి నిర్ణయించాలి. గర్భసంచి తొలగింపు వ్యాధిని తప్పక నయం చేయదని ముందే చెప్పాలి.

మెగ్స్ 1941 నాటి వ్యాసానికీ ఈ మార్గదర్శకాలకూ మధ్య 81 ఏళ్లు గడిచాయి. ఈ కాలంలో మందులు మారాయి, పరికరాలు మారాయి. నొప్పి తగ్గడమే ఒక ఫలితమని, సంతానం కావాలో వద్దో స్త్రీ చెప్పాలని గుర్తించడానికి మాత్రం అంతకాలం పట్టింది. ఆ గుర్తింపు మార్గదర్శకాల పుటల నుంచి జిల్లా ఆసుపత్రుల ఓపీ గదుల దాకా, 'కాన్పు అయితే పోతుంది' అనే ఇళ్ల దాకా ఇంకా చేరవలసి ఉంది.